రీబౌండు విద్య
టెన్నెసీ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టును 1974 నుండి 2012 వరకు తీర్చిదిద్ది, 8 జాతీయ విజేతృత్వములను సాధించిన పాట్ సమిట్ తన శిష్యురాండ్రకు మిక్కిలి పట్టుదలతో నేర్పిన విద్యలలో నాకు పరమాదరణీయమైనది రీబౌండు, అనగా గురి తప్పి చెదరిన బంతిని చేజిక్కించుకొనుట. 10 అడుగుల యెత్తున నున్న కడియమును తాకి బంతి చెదరు క్షణమున, ప్రేక్షకులెల్లరు పైకి చూచుచుండగా, నేర్పరియైన క్రీడాకారిణి మొదట ప్రత్యర్థిని వెదకి, ఆమెకు వీపు త్రిప్పి, మోకాళ్లు వంచి, పాదములు ఎడముగా నిలిపి, దారి నరికట్టి, పిదపనే యెగిరి, రెండు చేతులతో బంతిని బిగియబట్టి గడ్డము క్రిందికి లాగికొనును. ప్రక్కనుండి విసరిన బంతి గురి తప్పినచో ఎదుటి ప్రక్కకు పోవుట మెండని యెరిగి ముందే అచ్చోటికి చేరుటయు నీ విద్యలోనిదే. గురి తప్పిన చెలికి మరియొక యవకాశమును ప్రసాదించు ఈ శ్రమకు కరతాళధ్వనులు స్వల్పమే యైనను, జట్టంతయు నిర్భయముగా బంతి విసరగలుగుట దీని చలువయే.