తగలబెడతానన్న మాట మిగిలింది, ఎందుకన్నాడో పోయింది

ఏప్రిల్ నెల మా నూజివీడు వైపు రెండు పనుల నెల. ఒకటి మామిడి కోత, రెండోది అంబేద్కర్ జయంతి. పొద్దున తోటల్లో చిక్కం కర్రలు పట్టి కాయ దించినవాళ్లే సాయంత్రం పల్లెలో కుర్చీలు వేసి మైకు కడతారు. ఆ మైకులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది. రాజ్యాంగం రాసిన అంబేద్కరే దాన్ని తగలబెడతానన్నాడు అని. కుర్రాళ్లు ఈలలు వేస్తారు. ఇదే మాటను ఊళ్లో పెద్దకులాల వాళ్లూ అంటారు, ఇంకో రాగంలో. రాసినాయనకే నచ్చని పుస్తకం మీద మీకంత మోజెందుకయ్యా అని. ఆ మాట ఏ సభలో, ఏ బిల్లు మీద, ఎవరి గురించి వచ్చిందో ఈలలు వేసేవాళ్లూ చెప్పరు, ఎకసెక్కెం ఆడేవాళ్లూ చెప్పరు. మేమూ చాలాకాలం చెప్పలేదు. తప్పు మాదీ ఉంది.

అది 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో అన్న మాట. ఆ రోజు చర్చలో ఉన్నది ఆంధ్ర రాష్ట్ర బిల్లు. అంటే మన రాష్ట్రం. మద్రాసు నుంచి పదకొండు జిల్లాలనూ, బళ్లారి జిల్లాలో మూడు తాలూకాలనూ విడదీసి, కర్నూలు రాజధానిగా, అక్టోబరు 1న పుట్టబోతున్న రాష్ట్రం. అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు కూడా ఆ మూటలోనే ఉంది. అంబేద్కర్ అప్పటికి మంత్రి కాడు. హిందూ కోడ్ బిల్లును నీరుగార్చాక 1951లో నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికొచ్చాడు. 1952లో బొంబాయిలో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయాడు. బొంబాయి రాష్ట్రం నుంచి రాజ్యసభకు వచ్చి, 1956 డిసెంబరులో చనిపోయేదాకా అక్కడే సభ్యుడిగా ఉన్నాడు. మనవాళ్లు రాజ్యాంగ సభలోని అంబేద్కర్‌ని చదివినంతగా రాజ్యసభలోని అంబేద్కర్‌ని చదవలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనలు, ప్రసంగాల సంపుటాల్లో 15వది 1997లో వచ్చింది. ఈ ప్రసంగాలన్నీ అందులో ఉన్నాయి. లైబ్రరీల్లో ఆ సంపుటి మీద దుమ్ము ఎక్కువ, వేలిముద్రలు తక్కువ.

బిల్లు తెచ్చింది హోంమంత్రి కైలాస్‌నాథ్ కాట్జూ. అంబేద్కర్ మొదట ప్రభుత్వాన్నే నిలదీశాడు. భాషారాష్ట్రాల సూత్రాన్ని కాంగ్రెసు ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకున్నదాన్ని అమలుచేయించడానికి ఒక మనిషి చావాల్సి వచ్చింది. ఇంకో దేశంలో అయితే ఇట్లాంటి ప్రభుత్వాన్ని జనం బతకనిచ్చేవాళ్లు కాదన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మనిషి పొట్టి శ్రీరాములు. ఇక్కడ ఒక మాట చెప్పుకుని ముందుకు పోదాం. ఇదే శ్రీరాములు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని కూడా నిరాహారదీక్ష చేశాడు. ఊరూరా విగ్రహాలు పెట్టిన రాష్ట్రం రెండో దీక్షను పాఠ్యపుస్తకంలోకి ఎక్కించింది, మొదటిదాన్ని గుడి గుమ్మం దగ్గరే వదిలేసింది.

అంబేద్కర్ ఆ రోజు అసలు అడిగింది వేరే. భాష పేరుతో గీసే గీత లోపల కులాలు ఎట్లా ఉన్నాయి? ఎవరి చేతికి ఎవర్ని అప్పజెబుతున్నారు? అదే ఏడాది ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో రాసిన వ్యాసంలో ఈ లెక్క విప్పి చెప్పాడు. ఆంధ్రలో రెండు పెద్ద కులాలున్నాయి, రెడ్లూ కమ్మలూ. భూమి వాళ్లది, ఉద్యోగాలు వాళ్లవి, వ్యాపారం వాళ్లది. అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారు. భాషారాష్ట్రమంటే ఆ ఆధిపత్యానికి ఒక శాసనసభ, ఒక పోలీసు శాఖ తోడవడమే అన్నది ఆయన భయం. మా వైపు అయితే ఈ బొమ్మకు ఇంకో రంగు కూడా వేయాలి. ఇక్కడ రెడ్ల పెత్తనం తక్కువ, వెలమ జమీందారీ ఉండేది. 1948 చట్టంతో ఎస్టేటు పోయింది గానీ జమీందారు సొంత సాగు భూములకు రైతువారీ పట్టా ఇచ్చే వీలు ఆ చట్టమే కల్పించింది. జమీందారీ కుటుంబం వాళ్లు ఆ తర్వాత ఎమ్మెల్యేలై శాసనసభకూ వెళ్లారు. కోటలోంచి అసెంబ్లీకి దారి తిన్నగానే ఉంది. పల్లెలోంచే లేదు.

మరి దీనికి ఏం చెయ్యాలన్నాడు? మైనారిటీలకూ షెడ్యూల్డు కులాలకూ అన్యాయం జరిగినప్పుడు మంత్రివర్గాన్ని దాటి జోక్యం చేసుకునే ప్రత్యేక అధికారం గవర్నరుకు ఇవ్వండి అన్నాడు. అది ప్రజాస్వామ్యానికి విరుద్ధం కాదా అన్నది అప్పటి వాదం. ఆయన కెనడాను చూపించాడు. 1867 నాటి అక్కడి రాజ్యాంగ చట్టంలో అల్పసంఖ్యాక మతస్థుల బడులకు రాష్ట్రం అన్యాయం చేస్తే గవర్నర్ జనరల్‌కు మొరపెట్టుకునే వీలుంది. దానివల్ల కెనడా ప్రజాస్వామ్యం చెడిపోలేదు గదా! ఈ వరసలోనే ఎదుటిపక్షం వాళ్లు, రాజ్యాంగం రాసింది మీరే గదా, అప్పుడే పెట్టాల్సింది అని దెప్పారు. అప్పుడొచ్చింది ఆ జవాబు. నేను కూలికి రాసినవాణ్ణి, చెయ్యమన్నది చాలావరకు నా ఇష్టానికి విరుద్ధంగా చేశాను, దాన్ని తగలబెట్టేవాళ్లలో మొదటివాణ్ణి నేనే అవుతాను అని. అక్కడితో ఆగలేదు. చిన్న సమూహాల భయాన్ని తీర్చకుండా ప్రజాస్వామ్యం నడవదని చెప్పాడు. మనం మైకులో మొదటి సగం చెప్పి కూర్చుంటున్నాం.

1955 మార్చి 19న ఇదే సభలో ఒక సభ్యుడు ఆ మాటను గుర్తుచేస్తే, దేవుడి కోసం గుడి కట్టాం, దేవుణ్ణి ప్రతిష్ఠించేలోపే రాక్షసులు చొరబడ్డారు, ఇంకేం చెయ్యమంటారు అన్న అర్థంలో బదులిచ్చాడు. ఈ గుడి పోలికను ఎత్తుకున్నవాళ్లు చాలామంది. ఆ గుడిలోకి దూరింది ఎవరని ఆంధ్ర బిల్లు చర్చలో చూపించిన వేలును పట్టించుకున్నవాళ్లు తక్కువ.

మా ముఖ్యమైన వాదం ఇది. గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అప్పజెప్పడం ప్రజాస్వామ్యానికి ముప్పు అన్నారు గదా. మూడేళ్లు తిరిగేసరికి, 1956లో, ఆంధ్రప్రదేశ్ కోసం అదే పని చేశారు. ఏడో సవరణతో వచ్చిన 371వ అధికరణం తెలంగాణ ప్రాంతీయ సంఘం సరిగ్గా పనిచేసేట్టు చూసే ప్రత్యేక బాధ్యతను గవర్నరుకు పెట్టే వీలు కల్పించింది. మళ్లీ 2014లో, రాష్ట్ర విభజన చట్టం 8వ సెక్షన్ ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ఉన్నవాళ్ల ప్రాణానికీ, స్వేచ్ఛకూ, ఆస్తికీ తెలంగాణ గవర్నరును పదేళ్లపాటు బాధ్యుణ్ణి చేసింది. ఆ బిల్లు 2014 ఫిబ్రవరి 20న ఇదే రాజ్యసభలో ఆమోదం పొందింది. హైదరాబాదులో ఆస్తులున్నవాళ్లకు భయం ఉందంటే పార్లమెంటు అర్థం చేసుకుంది. అంటే ప్రాంతానికి రక్షణ అడిగితే దొరికింది, ఆస్తికి అడిగితే దొరికింది. కారంచేడుకు ముప్ఫై రెండేళ్ల ముందు, చుండూరుకు ముప్ఫై ఎనిమిదేళ్ల ముందు కులానికి అడిగితే మాత్రం ప్రజాస్వామ్యం గుర్తొచ్చింది.

అంతమాత్రాన అంబేద్కర్ చెప్పిన మందు గొప్పదని మేం అనడం లేదు. ఈ ప్రసంగాన్ని తెలుగులో చెప్పుకుంటూ మేం పదిమందిమి ఒక సాయంత్రం పల్లెలో కూర్చున్నాం. తోట కాపలాలో జుట్టు నెరిసిన పెద్దాయన ఒకాయన అంతా విని అడిగాడు.

“ఏరా అబ్బాయిలూ, ఆ గవర్నరు గారు ఎక్కడుంటాడు?”

“రాజ్‌భవన్లో, పెదనాన్నా.”

“మరి ఆయన భోజనం చేసేది ఎవరితో?”

ఎవరం మాట్లాడలేదు. ప్రసంగంలోని బలహీనతను ఇంతకంటే తేలిగ్గా చెప్పడం మా వల్ల కాదు. గవర్నరు ఢిల్లీ పంపిన మనిషి. ఢిల్లీలో పెత్తనం ఎవరిదైతే ఆయన వాళ్ల మనిషి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపితే, ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. గవర్నరుకు అధికారం ఉంటే అది జరిగేది కాదని ఎవరనగలరు? అంబేద్కర్‌కీ ఈ అనుమానం వచ్చి ఉంటుందనుకుంటాం. ఎందుకంటే 1955లో భాషారాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఆయన గవర్నరు మీద బరువు పెట్టలేదు. రాష్ట్రాలు చిన్నవిగా ఉండాలనీ, ఒక్కో నియోజకవర్గం నుంచి ఇద్దరు ముగ్గుర్ని ఎన్నుకునే పద్ధతి పెట్టి, ఓటరు తన ఓట్లన్నీ ఒకరికే గుత్తంగా వేసుకునే వీలివ్వాలనీ అన్నాడు. పైవాడి దయ నుంచి కిందివాడి ఓటు దగ్గరికి వచ్చాడు. ఈ కదలికను పట్టుకోకుండా 1953 ప్రసంగాన్ని ఒంటరిగా చదివితే దాని మీద విమర్శ సగమే అవుతుంది.

ఇంకో లోటు కూడా ఉంది. ఆ రోజు రక్షణ గురించే మాట్లాడాడు, భూమి గురించి కాదు. అది 1954 సెప్టెంబరు 6న వచ్చింది. షెడ్యూల్డు కులాల కమిషనర్ నివేదిక మీద చర్చలో భూమి పంచండి, బంజర్లు తీసుకుని ఇవ్వండి, డబ్బు లేదంటే ఉప్పు మీద పన్ను మళ్లీ వేసి ఆ సొమ్ము దీనికి వాడండి అన్నాడు. గాంధీ దండి నడక నడిచిన ఉప్పు! సభలో కొందరి ముఖాలు ఎట్లా మారి ఉంటాయో ఊహించుకోవచ్చు. పది రోజులకు, 16న, అస్పృశ్యతా నేరాల బిల్లు మీద లేచి, పేరులో అంటరానితనం కాదు, పౌరహక్కులు ఉండాలన్నాడు. ఆ చట్టానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్న పేరు 1976లో గానీ రాలేదు. ఊరి చేతిలో అసలు ఆయుధం సాంఘిక బహిష్కారమని కూడా అప్పుడే గుర్తుచేశాడు. చుండూరులో చంపకముందు చేసింది అదే. పని ఆపేశారు. మా తోటల్లో కూడా కూలి పెంచమని గట్టిగా అడిగినవాడికి మర్నాడు పిలుపు రాదు. దానికి ఎవరూ పెద్ద పేరు పెట్టరు. కాయ కోతకొచ్చి, ఆగితే రాలిపోయే వారం రోజుల్లో మాత్రం పిలుపు మళ్లీ వస్తుంది.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డు తగులుతారు. అంబేద్కర్ భయం అబద్ధమైంది గదా, దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య 1960లో ఈ ఆంధ్ర నుంచే గదా వచ్చాడు అని. వచ్చాడు. రెండేళ్లు ఉన్నాడు. 1962 తర్వాత ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ ఇంకొకరు రాలేదు. ఒక్క మామిడి కాయ పండిందని తోట కాపుకొచ్చిందంటామా!

మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే చోటు. ఆ సాయంత్రం చిన్న సమూహాల భయం గురించిన భాగం చెప్పుకున్నప్పుడు కూర్చున్నవాళ్లలో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. 1994 దండోరా నుంచి, 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణను కొట్టేసిన దాకా, మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్న దాకా, ముప్ఫై ఏళ్లు ఒకే పల్లెలో రెండు జెండాలు చూశాం. 2025 ఏప్రిల్లో తెలంగాణ చట్టంగానూ, ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సుగానూ దాన్ని అమల్లోకి తెచ్చాయి. అంబేద్కర్ కాట్జూని అడిగిన ప్రశ్నే మాదిగ మిత్రుడొకడు మావైపు తిప్పాడు. మీ భయాన్ని పెద్దకులాలు గుర్తించలేదంటున్నారు, మా భయాన్ని గుర్తిస్తే దళిత ఐక్యత చెడిపోతుందని మీరన్నారు గదా, ప్రజాస్వామ్యం చెడిపోతుందన్న వాళ్లకూ మీకూ తేడా ఏముంది అన్నాడు. మాలో మాలలుగా పుట్టినవాళ్లం ఎక్కువ. ఐక్యత అన్న మాటను మేము ఏ అర్థంలో వాడామో ఒక్కొక్కరం చెప్పాల్సి వచ్చింది. కొందరు చెప్పారు, కొందరు లేచి టీకి వెళ్లారు.

వచ్చే ఏప్రిల్లో ఆ ప్రసంగం మొత్తం తెలుగులో చదవాలని అనుకున్నాం. ఈసారి మైకు మాదిగపల్లెలో కడతారు.