మాట చేరే దారి: అంబేద్కర్, జాషువాల ఆదర్శ సమాజ భావన

ఆదర్శ సమాజాన్ని సాహిత్యంలో అన్వేషించేటప్పుడు సాధారణంగా సుఖశాంతులను వర్ణించిన రచనలనే పరిశీలిస్తాం. లోపాన్ని చిత్రించిన రచనలు కూడా ఆ ఆదర్శాన్ని అంతే నిర్దిష్టంగా నిర్వచిస్తాయి. గుర్రం జాషువా ‘గబ్బిలం’ (1941) అటువంటి కావ్యం. డా. బి.ఆర్. అంబేద్కర్ ‘కులనిర్మూలన’ (1936)తో కలిపి చదివినప్పుడు ఈ విషయం తేటపడుతుంది. ఒకరిపై మరొకరి ప్రభావాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అంబేద్కర్ చెప్పిన ఆదర్శ సమాజానికి ఆధారాలు. వీటిలో సౌభ్రాతృత్వానికి ఆయన ఇచ్చిన వివరణ గమనించదగినది. సమాజంలో ఒకచోట కలిగిన మార్పు ఇతర భాగాలకు చేరడానికి అనేక మార్గాలుండాలి. వివిధ వర్గాల మధ్య అనుభవాల వినిమయం నిరాటంకంగా సాగాలి. కులం ఈ మార్గాలను మూసివేస్తుంది. ఆయన ప్రసంగానికి పట్టిన గతే ఇందుకు నిదర్శనం. లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ ఆయనను అధ్యక్షోపన్యాసానికి ఆహ్వానించి, పాఠంలోని కొన్ని భాగాలకు అభ్యంతరం తెలిపింది. మార్చడానికి ఆయన అంగీకరించలేదు. ప్రసంగం జరగలేదు, ఆయనే దానిని పుస్తకంగా అచ్చువేయించారు. కులాన్ని తొలగించదలచిన సంస్కర్తలకే ఆ మాట వినడం సాధ్యం కాలేదు.

‘గబ్బిలం’ కథావస్తువు కూడా దారిలేని మాటే. ‘మేఘదూతం’లో యక్షునికీ ప్రియురాలికీ మధ్య ఉన్నది దూరం. జాషువా నాయకునికి అడ్డు గుడి గడప. ఆ అస్పృశ్యుడు తన బాధను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి లేని ఆలయప్రవేశం ఆ ప్రాణికి ఉంది. పూజారి లేని వేళ చూసి చెప్పమనడంలో, అడ్డుగా నిలిచినది దైవం కాదనీ మధ్యనున్న మనుషులనీ స్పష్టమైన ఎరుక ఉంది. కరుణరస కావ్యమని మాత్రమే చెప్పుకుంటే ఈ సామాజిక విమర్శ మరుగున పడుతుంది.

కావ్యం వెలువడడానికి రెండేళ్ల ముందే, 1939లో, మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది. అయితే అది ధర్మకర్తలు తలుపులు తెరవడానికి వీలు కల్పించిందే తప్ప, ప్రవేశాన్ని హక్కుగా చేయలేదు. హక్కుగా గుర్తించిన చట్టం రావడానికి 1947 వరకు ఆగవలసి వచ్చింది. అనుమతికీ హక్కుకూ మధ్యనున్న ఆ వ్యవధిలో గబ్బిలం ఎగిరింది.

ఇద్దరి మార్గాలూ ఒకటి కావు. అంబేద్కర్ శాస్త్రాల ప్రామాణ్యాన్నే తిరస్కరించమన్నారు. జాషువా నాయకుడు దైవాన్ని నిలుపుకొని, దైవం పేరిట సాగే అధికారాన్ని ప్రశ్నించాడు. ఈ భేదాన్ని చెరిపి ఇద్దరినీ ఒకే గాటన కట్టడం విమర్శ కాదు. అయినా ఆదర్శ సమాజానికి వారి రచనల నుంచి ఒకే కొలమానం లభిస్తుంది: అట్టడుగు మనిషి తన మాటను దూత సాయం లేకుండా తానే చెప్పగలగాలి, ఎదుటివారు దానిని కత్తిరించకుండా వినగలగాలి. తలుపులు తెరిచిన చట్టాలు ఇందులో మొదటి సగాన్నే సాధించగలవు.