ప్రశ్న రాసేటప్పుడు పక్కన ఎవరున్నారు?

వికలాంగ విద్యార్థుల చదువు మీద పీహెచ్‌డీ చేస్తానంటూ సినాప్సిస్‌తో వచ్చేవాళ్లను నేను మొదట ఒకటే అడుగుతాను: ఈ ప్రశ్నావళి రాసేటప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు? గైడ్ అంటారు, సీనియర్లు అంటారు, లైబ్రరీలోని పాత థీసిస్ అంటారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన విద్యార్థులు మాత్రం ఫీల్డ్‌వర్క్ మొదలయ్యాకే కనిపిస్తారు. అప్పటికి అసలు పని అయిపోయి ఉంటుంది.

ప్రశ్న అంత ముఖ్యమా అంటే, అంత ముఖ్యమే. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ గణాంక సంస్థ వికలాంగుల మీద పెద్ద సర్వే చేసింది. ఏ జబ్బు వల్ల మీకు వస్తువులు పట్టుకోవడం, తిప్పడం కష్టమవుతోందన్న తరహా ప్రశ్నలు అందులో ఉండేవి. మైక్ ఆలివర్ సామాజిక శాస్త్రవేత్త, వీల్‌చైర్ వాడే మనిషి. 1990లో వెలువడిన తన పుస్తకంలో ఆయన ఆ ప్రశ్నలను తిరగరాశాడు. సీసాలు, డబ్బాల తయారీలో ఉన్న ఏ లోపం వల్ల మీకు కష్టమవుతోందని అడగాలన్నాడు. ఇబ్బంది అదే. మొదటి ప్రశ్న మనిషిలో లోపం వెతుకుతుంది, రెండోది మార్చాల్సిన వస్తువును చూపిస్తుంది.

దీన్ని మన కాలేజీకి తెచ్చి చూడండి. చూపు లేని విద్యార్థినిని ‘నీ సమస్య వల్ల చదువులో ఏ ఇబ్బందులున్నాయి?’ అని అడిగితే తన కళ్ల గురించి చెబుతుంది. ‘నీ సిలబస్‌లో స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేనివి ఏవి?’ అని అడిగితే జాబితా ఇస్తుంది: యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు నోట్సు, ఫొటోలుగా స్కాన్ చేసిన పుస్తకాలు. యూనికోడ్‌లో లేని ఫైలు కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తుంది, చెవికి మాత్రం అర్థంలేని అక్షరాలుగా వినిపిస్తుంది. రోజూ ఆ ఫైళ్లతో కుస్తీ పట్టేవాళ్లకే తట్టే ప్రశ్న ఇది. తట్టిందా, విశ్వవిద్యాలయం రేపటి నుంచే చేయగలిగే పని ఒకటి దొరుకుతుంది.

పరిశోధకులంటే వికలాంగులకు ఉన్న అపనమ్మకానికీ చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అనే వసతి గృహం ఉండేది. అక్కడి వికలాంగులు తమ రోజువారీ జీవితం తమ చేతిలో ఉండాలని పోరాడుతూ, 1960లలో తామే పరిశోధకులను పిలిపించుకున్నారు. టావిస్టాక్ అనే పరిశోధన సంస్థ నుంచి ఎరిక్ మిల్లర్, జెరాల్డిన్ గ్విన్ వచ్చారు. 1972లో వాళ్ల పుస్తకం వచ్చింది. అలాంటి గృహాలను ఇంకా బాగా ఎలా నడపాలో చెప్పింది గానీ, లోపల ఉన్నవాళ్ల పోరాటం పక్షాన నిలబడలేదు. అక్కడే బతికిన పాల్ హంట్ ఆ పరిశోధకులను పరాన్నజీవులన్నాడు. ఆ కోపం న్యాయమైనదని నేను నమ్ముతాను. తమ బతుకును చెప్పుకున్నవాళ్లకు దాని అర్థం తేల్చే చోట మాట లేకపోతే కోపం రాకుండా ఎలా ఉంటుంది?

పరిశోధనలో వికలాంగుల మాట చెల్లాలనడానికి మన దేశంలో చట్టమే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, వికలాంగులకు అందే రూపంలో వివరించి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోనిదే వారిపై పరిశోధన చేయకూడదు. పరిశోధనా కమిటీ ముందస్తు అనుమతి కూడా కావాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, వారి రిజిస్టర్డ్ సంస్థల సభ్యులో అయి ఉండాలి. ఈ సెక్షన్‌ను రీసెర్చ్ మెథడాలజీ మొదటి పాఠంలోనే చెప్పాలి.

అందే రూపం అన్నచోటే అసలు నేర్పు ఉంది. బధిర విద్యార్థి మొదటి భాష సైగల భాష అయినప్పుడు, అచ్చు తెలుగు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే చాలదు. దుబాసీ కావాలి. ఆ దుబాసీ అదే కాలేజీ లెక్చరరో, ఇంట్లోవాళ్లో అయితే ఆ విద్యార్థి మనసులో మాట చెప్పలేడు. దుబాసీ ఫీజు, అదనపు సమయం ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదటి నుంచే ఉండాలి.

పేరు మార్చితే గోప్యత వచ్చేసిందనుకోవడం మరో పొరపాటు. జిల్లా కేంద్రంలోని కాలేజీలో ఎంఏ చరిత్ర చదువుతూ వీల్‌చైర్ వాడే అమ్మాయి ఒక్కతే ఉండవచ్చు. ఆ మూడు వివరాలు రాస్తే పేరు రాసినట్టే. తన గురించి ఏ వివరం ఉండాలో, ఏది తీసేయాలో ఆమెనే అడగాలి. కొందరు తమ పేరే ఉంచమంటారు, అదీ వాళ్ల హక్కే.

ఇక పరిశోధన చేసేవాళ్ల వైపు చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టం విద్యాసంస్థల్లో వారికి కనీసం 3 శాతం సీట్లు ఇచ్చింది. 2016 చట్టం ఉన్నత విద్యలో కనీసం 5 శాతం ఇచ్చింది, గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి. ఆ సీట్లలో చేరినవాళ్లు డిగ్రీతో ఆగిపోకుండా పరిశోధకులు, గైడ్‌లు కావాలి. సినాప్సిస్‌ను ఆమోదించే కమిటీల్లో కూర్చోవాలి. అందాకా గైడ్‌లందరికీ నా విన్నపం ఇదే: ప్రశ్నావళి తయారీలో వికలాంగ విద్యార్థులు లేని సినాప్సిస్ మీ బల్ల మీదికి వస్తే సంతకం పెట్టకండి. వాళ్లతో కూర్చుని మళ్లీ రాసుకురమ్మనండి.