నడకకూ మతికీ నడుమ

రోజూ నడిచేవారికి మతిమరుపు జబ్బు రాదన్న హామీ ఆరోగ్య వ్యాసాల్లోనూ, పార్కు బెంచీల మీది కబుర్లలోనూ ఒకే ధీమాతో వినిపిస్తున్నది గాని, శాస్త్రం ఇంతవరకు అంత గట్టి మాట ఇవ్వలేదు. వ్యాయామానికీ మెదడు ఆరోగ్యానికీ సంబంధం ఉన్నదనడంలో సందేహం లేదు. అది ఏ దారిన, ఏ వయసులో, ఎంత మేరకు పనిచేస్తుందన్న దగ్గరే చిక్కంతా ఉన్నది.

వయసు మీదపడ్డాక పెళ్లిపందిట్లో ఎదురైన దూరపు చుట్టం పేరు వెంటనే తట్టకపోవడం సహజమే. నలభై ఏళ్లుగా వండిన చేతికి బియ్యానికి ఎసరు ఎంత పోయాలో తోచకపోవడం సహజం కాదు. జ్ఞాపకం, ఆలోచన, భాష, దారి గుర్తుపట్టే తెలివి వంటివి క్రమంగా సన్నగిల్లి రోజువారీ పనులకే అడ్డుపడే స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. ఇది ఒకే వ్యాధి కాదు; అల్జీమర్స్ దీనికి ప్రధాన కారణం కాగా, మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం మరో ముఖ్య కారణం, వృద్ధుల్లో ఈ రెండూ కలగలిసి ఉండటమూ తరచుగా కనిపిస్తుంది. తెలుగు ఇళ్లలో దీన్ని చాదస్తమని తేల్చేయడం అలవాటు గాని, 60 ఏళ్లు దాటిన భారతీయుల్లో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా.

శరీరం బరువులో మెదడు వాటా రెండు శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే పోతుంది కనుక, గుండెకూ రక్తనాళాలకూ మేలుచేసే పని మెదడుకూ మేలుచేయాలన్నది సహేతుకమైన ఊహ. దీనికి బలమిచ్చిన ప్రయోగం 2011లో అమెరికాలో వచ్చింది. 120 మంది పెద్దవారిలో సగం మంది ఏడాదిపాటు చురుకుగా నడవగా, మిగిలినవారు ఒళ్లు సాగదీసే తేలికపాటి కసరత్తులు చేశారు. నడిచినవారిలో, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం దాదాపు రెండు శాతం పెరిగింది, రెండో బృందంలో అది కొంత కుదించుకుపోయింది. పత్రికలు ఇంతవరకే రాశాయి. జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు బృందాలూ మెరుగుపడ్డాయన్న సంగతి అదే పరిశోధనాపత్రంలో ఉన్నా, దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

తరువాతి పరిశోధనలు ఉత్సాహాన్ని మరింత తగ్గించాయి. 70 నుంచి 89 ఏళ్ల మధ్య వయసున్న 1,635 మందితో అమెరికాలోనే రెండేళ్లు సాగిన లైఫ్ అధ్యయనంలో, నడక, కండరాల కసరత్తు చేసినవారికీ ఆరోగ్యపాఠాలు మాత్రమే విన్నవారికీ మధ్య ఆలోచనాశక్తిలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కసరత్తు చేసినవారు ఎక్కువకాలం సొంతంగా నడవగలిగారు, అదీ చిన్న లాభమేమీ కాదు. లండన్ ప్రభుత్వోద్యోగులు 10,308 మందిని మూడు దశాబ్దాలకు దగ్గరగా గమనించిన వైట్‌హాల్ అధ్యయనం 2017లో చెప్పిన విషయం ఇంకా కీలకమైనది. శారీరక శ్రమ డిమెన్షియాను ఆపుతున్నదనడానికి అందులో ఆధారం దొరకలేదు సరికదా, వ్యాధి బయటపడటానికి తొమ్మిదేళ్ల ముందునుంచే ఆ రోగుల్లో శారీరక చురుకుదనం తగ్గుతూ వచ్చినట్టు తేలింది. అంటే, నడక మానడం వల్ల వ్యాధి వచ్చిందని పైకి కనిపించేచోట, లోపల మొదలైన వ్యాధి వల్లనే నడక తగ్గి ఉండవచ్చు. కార్యమూ కారణమూ ఇలా తలకిందులయ్యే ప్రమాదం ఉన్నందువల్లనే, కొద్ది సంవత్సరాల పరిశీలనతో నడకకు దక్కిన ఘనతలో కొంత అరువు ఘనతేనని అనుకోవలసి వస్తుంది.

మరి నడక వృథాయా అంటే, కానే కాదు. నివారించదగిన 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం వరకు తప్పించవచ్చు లేదా వాయిదా వేయవచ్చునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ లెక్కగట్టింది. అందులో శ్రమలేని జీవితానికి విడిగా దక్కిన వాటా రెండు శాతమే, వినికిడి లోపానికి దక్కిన ఏడు శాతంతో పోలిస్తే ఇది స్వల్పం. అయితే అదే జాబితాలోని రక్తపోటు, మధుమేహం, ఊబకాయం, మానసిక కుంగుబాటులను అదుపులో ఉంచడానికి నడక సాయపడుతుంది. కాబట్టి దాని అసలు బలం నేరుగా మెదడును తాకడంలో కన్నా, నడివయసులోనే రక్తనాళాలను కాపాడటంలో ఉన్నదనడం సబబు. ఫిన్లాండ్‌లో 1,260 మందితో జరిగిన ఫింగర్ ప్రయోగం ఆహారం, వ్యాయామం, మెదడుకు సాధన, రక్తపోటు వంటివాటిపై నిఘా, నాలుగింటినీ కలిపి రెండేళ్లలో కొంత మేలు చూపింది గాని, అందులో నడక వాటా ఎంతో విడదీసి చెప్పలేము.

వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడటానికి వీలై పాట పాడటానికి ఆయాసమయ్యేంత వేగంతో శ్రమించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అదే సంస్థ పెద్దవారు వారంలో మూడు రోజులు శరీరం తూలిపోకుండా నిలిపే కసరత్తులూ, కండరాలకు బలమిచ్చే కసరత్తులూ చేయాలని చెప్పినా, మన ఉదయపు నడకల్లో వాటికి చోటు దాదాపు లేదు. కింద పడితే తలకు తగిలే దెబ్బ కూడా ఆ 14 కారణాల్లో ఒకటి గనుక, ఈ లోపం చిన్నది కాదు.

హామీని అతిగా ఇవ్వడంలో మరో కీడూ ఉన్నది: డిమెన్షియా వచ్చిన మనిషి సరిగా నడవలేదనీ, బద్ధకించాడనీ నింద ఆ ఇంటి మీద పడుతుంది. వైట్‌హాల్ ఫలితం తెలిసినవారు అలా నిందించలేరు. ఏళ్ల తరబడి క్రమం తప్పక నడిచిన తండ్రి గాని తల్లి గాని కారణం చెప్పకుండా నడక మానేస్తే, మోకాలి నొప్పో, చూపు మందగించడమో, దిగులో కారణం కావచ్చు, మతి సన్నగిల్లడానికి తొలి జాడ కావచ్చు. ఏదైనా సరే, పిల్లలు కసురుకోవడం మాని ఒకసారి డాక్టరుకు చూపించాలి.