ముందుమాట: కుదరని వంటల ఉత్తరాలు

నా ఉత్తరాలు కూడా ఇందులో ఉన్నాయి. మెచ్చుకుంటే సొంత డబ్బా అంటారు, మెచ్చుకోకపోతే ముప్ఫయ్యేళ్ళ స్నేహానికి ద్రోహం. మొదటి నిందే మేలనుకుని రాస్తున్నాను.

పెళ్ళయి బస్తర్‌లోని జగదల్‌పూర్ వెళ్ళి, ఈ పుస్తకం రాసిన అమ్మాయి నాకు చుట్టమూ కాదు, ఇరుగుపొరుగూ కాదు. విజయనగరంలో ఓ పెళ్ళిలో పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చున్నాం, అంతే. "అక్కయ్యగారూ, ఈ పనసపొట్టు కూర ఎలా చేస్తారో రాసి పంపరూ?" అంది. పంపాను. పది రోజులకు జవాబు: "మీరు చెప్పినట్టే చేశాను. చేదెక్కింది." ఆవముద్ద కూర దించి చల్లారాకే కలపాలని రాయనే లేదని అప్పుడు తట్టింది. చేతికి తెలిసిన సంగతి కలానికి తెలియలేదు.

తర్వాత నా వంతు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన రైలు దారినే, కిరండూల్ పాసింజరులో వచ్చేవాళ్ళ చేత తీఖుర్ పంపింది. మన పాలగుండే. దుంపను అరగదీసి, నీళ్ళు మార్చి మార్చి కడిగి, అడుగున పేరిన తెల్లటి పిండిని ఎండబెడతారు. హల్వా చేద్దామని మరిగే నీళ్ళలో పోశాను. ఉండలు కట్టింది. ఫిర్యాదు చేస్తే ఒకటే వాక్యం వచ్చింది: "చన్నీళ్ళలో కలిపాక కదా అక్కయ్యగారూ, పొయ్యెక్కించేది!"

ఈ పుస్తకం గొప్ప అక్కడే ఉంది. వంటల పుస్తకాలు కుదిరినవాటినే చెబుతాయి. ఈమె కుదరని ఉత్తరాలనూ దాచి, పక్కనే అచ్చు వేసింది. చెప్పినామె మరిచిన మాట, వండినామె చెడగొడితేనే బయటపడుతుంది.

బస్తర్ కూడా ఇందులో అలాగే, సంతలో గంపల ముందు గొంతుక్కూర్చుని అడిగి తెలుసుకున్నట్టు కనిపిస్తుంది. తొలకరికి సాల చెట్ల కింద మట్టిలోంచి తీసే బోడా పుట్టగొడుగులు ఎన్నిసార్లు కడిగినా మట్టి వదలవని విసుగు, మాంసాన్ని మించిన ధరని నిట్టూర్పు, అయినా కొనకుండా ఉండలేని బలహీనత. మన అంబలికి తోబుట్టువైన మడియా పేజ్. ఎర్ర చీమలను గుడ్లతో సహా ఉప్పూ మిరపకాయలూ వేసి నూరే చాప్‌డా పులుపు ముందు చింతపండు దిగదుడుపేనని రాసింది. రుచి చూశావా అని శాకాహారినైన నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

2000 నవంబరు 1న కవరు మీద మధ్యప్రదేశ్ పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. ఆ తర్వాత ఇంటింటా ఫోన్లు వచ్చాయి. ఫోన్లో అడిగితే సందేహం అప్పటికప్పుడే తీరిపోతుంది, కూర చెడదు. అందుకే మేం ఉత్తరాలు మానలేదు.

అచ్చుకు ముందు దిద్దమని ప్రతి నాకు పంపింది. పాలగుండ హల్వా దగ్గర బెల్లం ఎంతో ఇప్పటికీ రాయలేదు. నేనూ దిద్దలేదు. మీరు చేసి చూడండి. కుదరకపోతే ఆమెకో కార్డు ముక్క రాయండి.

ఆశీస్సులతో,
అక్కయ్య