చిల్లు ఉంటే పోగు లేస్తుంది

సూరత్ లింబాయత్‌లో ఆదివారం పొద్దున మా సందుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. రాత్రి డ్యూటీ దిగిన మగవాళ్లు అప్పుడే కునుకు పట్టి ఉంటారు. పన్నెండు గంటలు సాంచెల (మరమగ్గాల) మధ్య నిలబడి వచ్చిన నిద్ర అది. ఆ నిద్ర చెడకూడదని పిల్లల చేతిలో పెట్టే తాయిలమే ఫోను. ఇల్లిల్లూ తిరిగి ఆ ఫోను పక్కన పెట్టించి, 14 మందిని పోగేసి కోడింగ్ చెబుతున్నాను. కంప్యూటర్ లేకుండానే.

"సార్, కంప్యూటర్ ఎప్పుడొస్తది?" అని మొదటి వారమే అడిగారు. వాళ్ల ముందు మగ్గం మీద డిజైన్ నడిపే పాత జకార్డు చిల్లుల అట్ట ఒకటి పెట్టాను.

కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి సాంచెల పని మీద వచ్చిన పద్మశాలి ఇళ్ల పిల్లలు వీళ్లు. నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం బడులు ఇక్కడ ఉన్నాయి కాబట్టి అక్షరాలు వచ్చు. పడుగేదో పేకేదో ఎవరూ చెప్పకుండానే తెలుసు. అలాంటివాళ్లకు అట్ట సంగతి చెప్పడం ఎంతసేపు? చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు లేకపోతే పోగు కిందనే ఉంటుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. అట్టలన్నీ గొలుసులా కుట్టి ఉంటాయి కాబట్టి చివరిది అయ్యాక మొదటిది మళ్లీ వస్తుంది, చీర పొడవునా అదే బుటా పడుతూ పోతుంది. పుస్తకాల్లో లూప్ అన్నది ఇదే. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డు చేసిన ఈ ఏర్పాటు చూసే బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడు. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ యంత్రం గురించి రాస్తూ పోల్చింది కూడా ఈ మగ్గంతోనే. అమెరికా నుంచి వచ్చిందనుకున్న విద్యకు మూలం నేతగదిలో ఉందంటే పిల్లలు కాసేపు నమ్మలేదు.

తర్వాత గళ్ల కాగితం మీద ఆట. ఒకరు మామిడి పిందె గీసి, గడి గడికీ 'ఒకటి, సున్నా' అని చదవాలి. వీపు తిప్పి కూర్చున్నవారు విని నింపాలి. మొన్న ఒక పిల్ల ఒక్క గడి వదిలేసి చదివింది. పిందె కాస్తా చెప్పులా తయారైంది. గళ్లు నింపినవాడిని తిట్టబోయింది. వాడు విన్నది విన్నట్టు నింపాడు కదా! అట్టలో చిల్లు తప్పు పడితే సాంచాను ఎవరూ కొట్టరు. ఈ ఒక్క ముక్క పిల్లలకు ఎక్కితే చాలు, మిగిలిన కోడింగ్ నెమ్మదిగా వస్తుంది. పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రాచ్‌లో పిల్లి బొమ్మను నడిపించడానికి నెల పడుతుందా, రెండు నెలలా అన్న తొందర నాకు లేదు.

2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి మొదలు కోడింగ్ పరిచయం చేయమంటోంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం చదువు ఆగింది ఆ ఆరో తరగతిలోనే. ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించి ఆసు పోసే (నూలును మేకుల చుట్టూ తిప్పే) తల్లి భుజం నొప్పి చూడలేక, 1999లో ఆ పని చేసే యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పదే పదే చేసే పనిని యంత్రానికి అప్పజెప్పడం ఎందుకో పిల్లలకు చెప్పాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఫోను సంగతికి వద్దాం. రీల్స్ గురించి నేను ఉపన్యాసం మొదలుపెట్టేలోపే ఒక పిల్లవాడు అన్నాడు: "బీము అయిపోతే సాంచా ఆగుతది సార్, ఇది ఆగదు." పోగు తెగినా, పడుగు అయిపోయినా మగ్గం ఆగాలి. ఆగనిది మంచి మగ్గం కాదని వాళ్ల బాపు చెప్పే ఉంటాడు. ఆ రోజు అందరూ తమ ఫోనుకు ఎవరికి వారు ఆగే షరతు రాసుకున్నారు. 'అమ్మ అన్నం పెట్టేదాకా' అని ఒకరు, 'బాపు లేచేదాకా' అని ఇంకొకరు. సరిగ్గా పాటిస్తున్నారని చెప్పను. రాసుకున్నారు, అంతే.

నా పరువు పోయిన సంగతీ చెప్పాలి. చాయ్ డబ్బులు ఫోనులో కడుతూ పిన్ పైకే గొణిగాను. వెనక నిలబడ్డ పిల్ల నాలుగంకెలూ అప్పజెప్పి, "మీరే చెప్పొద్దన్నరు గద సార్" అంది. ఆ సాయంత్రమే పిన్ మార్చాను. పిల్లలు మాత్రం ఆన్‌లైన్ మోసం జరిగితే ఫోను చేయాల్సిన 1930 నంబరును గది గోడ మీద పెద్దగా రాశారు, నాకోసమేనట.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చి డిజైన్ పెన్‌డ్రైవ్‌లో వెళుతోంది. పాత అట్టలు అటకెక్కుతున్నాయి, లేదా తుక్కుకు పోతున్నాయి. ధర్మవరంలోనో గద్వాలలోనో మీ ఇంట్లో అలాంటి గొలుసు ఒకటి ఉంటే పారేయకండి. మీ పిల్లల ముందు ఒకసారి విప్పి పరవండి. వాళ్లకు అక్కర్లేదంటే మాకు పంపండి, మా దగ్గర 14 మందికి ఒకే అట్ట ఉంది.