తెరిచిన పెట్టెలు, నలిపేసిన డిస్కు

2017 జూన్ 1న ‘బెరెన్ అండ్ లూథియన్’ అనే పుస్తకం మార్కెట్‌లోకి వచ్చింది. దాని రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ పోయి అప్పటికి నలభై నాలుగేళ్లు కావస్తోంది. కాగితాలు వెతికి, కూర్చి, అచ్చుకిచ్చింది ఆయన కొడుకు క్రిస్టఫర్. అప్పటికి కొడుకు వయసే తొంభై రెండు. మూడు నెలలు తిరక్కముందే, ఆగస్టు 25న, ఇంగ్లండులోని డోర్సెట్‌లో పాతకాలపు ఆవిరి యంత్రాల జాతర జరుగుతుండగా మరో పని జరిగింది. దివంగత హాస్య నవలాకారుడు టెరీ ప్రాచెట్ హార్డ్ డిస్కును నేలమీద పెట్టి, ‘లార్డ్ జెరికో’ అనే ఆవిరి రోడ్డు రోలరును దాని మీద నడిపించారు. డిస్కు ఒక పట్టాన లొంగలేదు. రోలరు పలుమార్లు ఎక్కి దిగినా ఇంకా ఆకారం మిగిలి ఉంటే, చివరికి కంకర కొట్టే యంత్రంలో వేశారు. అందులో పూర్తికాని నవలలు పది దాకా ఉండి ఉంటాయని అంచనా. ఇదంతా రచయిత బతికుండగా చెప్పి పోయిన కోరికే. తీర్చినవాడు ఏళ్ల తరబడి ఆయన దగ్గర పనిచేసిన రాబ్ విల్కిన్స్.

రెండుచోట్లా పాఠకులు అడిగింది ఒకటే: ఆ రచయిత సృష్టించిన లోకంలో ఇంకో కథ. ఒకచోట నలభై ఏళ్లకు పైగా పెట్టెలు తెరుస్తూనే ఉన్నారు. రెండోచోట పెట్టె కూడా మిగల్చలేదు. దీన్ని చూసి క్రిస్టఫర్ ఉదారుడు, ప్రాచెట్ కఠినుడు అనేవాళ్లున్నారు. క్రిస్టఫర్ తండ్రి చిత్తుకాగితాలు అమ్ముకున్నాడు, ప్రాచెట్ నిజాయితీగా ముగించాడు అని తిప్పి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు తీర్పులూ మనుషుల గుణం మీద ఇచ్చినవి. చూడవలసింది ఆ రెండు లోకాల తయారీని. టోల్కీన్ సృష్టించిన మిడిల్ ఎర్త్ ప్రాణం దాని వెనక పేరుకున్న చరిత్రలో ఉంది. ప్రాచెట్ సృష్టించిన డిస్క్‌వరల్డ్ ప్రాణం చెక్కడం పూర్తయిన వాక్యంలో ఉంది. మొదటిదానికి చిత్తుప్రతి ఆస్తి, రెండోదానికి అదే అపకారం.

‘ఇంకో కథ’ అన్న అడుగుడును చులకన చేసే విమర్శకులు ఒక సంగతి మరిచిపోతారు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ పుట్టిందే ఆ అడుగుడు వల్ల. 1937 సెప్టెంబరులో ‘హాబిట్’ వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ హాబిట్ల గురించి మరో పుస్తకం కావాలన్నాడు. టోల్కీన్ దగ్గర ఉన్నది మరొకటి. ఇరవై ఏళ్లుగా రాసుకుంటూ వచ్చిన దేవతల, ఎల్ఫుల పురాగాథలు, అంటే ‘సిల్మరిలియన్’ సరుకు. అది పంపాడు, అది వెనక్కి వచ్చింది. సరే, మీరు అడిగిందే ఇస్తానని ఆ డిసెంబరులో మొదలుపెడితే, అది 1954-55లో మూడు సంపుటాలై తేలింది. పాఠకుడు అడిగింది పిల్లల కథకు కొనసాగింపు. వచ్చింది వేరే. తిరగ్గొట్టిన ఆ పురాగాథలన్నీ కొత్త కథ అడుగున పునాదిగా చేరాయి. దారి పక్కన శిథిలమైన కోట కనిపిస్తే, దాని పేరు ఎవరో ఒక పాటలో తలుచుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆ కోట కథ మనకు తెలియదు, కానీ రచయితకు తెలుసునన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకమే ఆ పుస్తకం మత్తు.

ఆ మత్తు సంగతి టోల్కీన్‌కు బాగా తెలుసు. దూరాన కనిపించే చోటుకి వెళ్లి చూస్తే మాయ పోతుందని, పోకుండా ఉండాలంటే దాని వెనక ఇంకో దూరం కనిపించాలని 1963లో ఒక ఉత్తరంలో రాశాడు. ‘సిల్మరిలియన్’ ఆయన చేతుల మీదుగా పూర్తికాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని నాకనిపిస్తుంది. నేపథ్యాన్ని ముందుకు తెస్తే, దానికి నేపథ్యం ఎక్కడిది?

1973లో ఆయన పోయాక ఆ గుట్టలన్నీ క్రిస్టఫర్ ముందు పడ్డాయి. ఆ పనికి అంతకంటె తగినవాడు లేడు. చిన్నప్పుడు ‘హాబిట్’ కథ వింటూ, మొన్న బిల్బో ఇంటి తలుపు నీలం రంగన్నావు, ఇవాళ ఆకుపచ్చ అంటున్నావేమిటని తండ్రిని నిలదీసిన పిల్లవాడు ఇతనే. తండ్రి విసుక్కుంటూనే లేచి వెళ్లి ఆ తేడా రాసుకున్నాడట. రెండో ప్రపంచయుద్ధంలో వైమానిక దళంలో చేరి దక్షిణాఫ్రికాలో ఉంటే, అధ్యాయాలు పోస్టులో అక్కడికి వెళ్లేవి. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో మనం వేలు పెట్టి వెతుక్కునే పటం గీసింది కూడా ఇతనే.

మొదట అతను చేసిన పని సంపాదకత్వం కాదు, అతుకులు కనపడకుండా కుట్టడం. తర్వాత రోజుల్లో పేరున్న నవలాకారుడైన గై గావ్రియెల్ కే అప్పటికి కెనడా కుర్రవాడు. అతన్ని సాయానికి పెట్టుకుని, 1977లో ‘సిల్మరిలియన్’ను ఒకే గొంతుతో సాగే గ్రంథంగా తెచ్చాడు. అందులో డోరియత్ రాజ్య పతనం అధ్యాయాన్ని కాస్త దగ్గరగా చూడాలి. డోరియత్ చుట్టూ రాణి మెలియన్ అల్లిన మంత్రపు కట్టు ఉంటుంది. ఆమె కాదంటే శత్రువు లోపలికి రాలేడు. మరుగుజ్జుల సైన్యం వచ్చి ఆ రాజ్యాన్ని కొల్లగొట్టాలి. ఎలా వస్తుంది? టోల్కీన్ ఈ కథను వివరంగా రాసింది ఎప్పుడో తొలి రోజుల్లో. తర్వాత రోజుల్లో రాజు థింగోల్‌ను ఎలాగో సరిహద్దు దాటించి అక్కడ చంపించాలని ఒక చిన్న నోటు రాసి వదిలేశాడు. కే, క్రిస్టఫర్ ఇద్దరూ కలిసి వేరే దారి పట్టారు. సిల్మరిల్ మణిని కంఠహారంలో పొదగడానికి పిలిపించిన మరుగుజ్జు కంసాలులే, రాజును అతని కోటలోనే, నేలమాళిగలోని కొలిమి దగ్గర చంపేస్తారు. భర్త పోయాక మెలియన్ లోకం విడిచి వెళ్తుంది, కట్టు తెగుతుంది, సైన్యం వస్తుంది. కథగా చూస్తే అద్భుతం. రాజు తన ఇంట్లో, తాను పిలిపించుకున్న పనివాళ్ల చేతిలో చావడం సరిహద్దు బయట చావడం కంటె ఎంతో బరువైన చావు. చిక్కల్లా అది టోల్కీన్ రాసింది కాకపోవడమే. 1994లో వచ్చిన ‘మిడిల్ ఎర్త్ చరిత్ర’ పదకొండో సంపుటంలో క్రిస్టఫర్ ఈ మాట తానే ఒప్పుకున్నాడు. సంపాదకుడి గీత దాటాననీ, అంత దూరం వెళ్లకుండానే ఆ చిక్కు విప్పి ఉండవలసిందనీ రాశాడు.

ఇక్కడ మనకు ఎర్రన గుర్తుకు రాక మానడు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, రాజరాజనరేంద్రుడి పేరనే అంకితమిచ్చి, నన్నయ ధోరణిలో మొదలుపెట్టి తిక్కన ధోరణిలోకి తేల్చాడని చదువుకున్నాం. అతుకు కనపడనివ్వకపోవడం అక్కడ గొప్ప. కానీ ఎర్రనకు వెనక వ్యాసుడున్నాడు, కథ ఎటు పోవాలో సంస్కృతంలో సిద్ధంగా ఉంది. క్రిస్టఫర్‌కు ఉన్నది ఒకదానికొకటి పొసగని అరడజను చిత్తుప్రతులు. అందుకే అతను దారి మార్చుకున్నాడు. 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాల ‘మిడిల్ ఎర్త్ చరిత్ర’లో ఈసారి అతుకులే చూపించాడు. ఏ పేజీ పెన్సిలుతో రాసింది, దేనిమీద సిరాతో దిద్దింది, ఏ పేరు ఎన్నిసార్లు మారింది అన్నీ చెప్పాడు. కథ కోసం వచ్చిన పాఠకుడికి ఇది విసుగే. సగం సంపుటాలు నేనూ వరుసగా చదవలేను. కానీ టోల్కీన్ లోకం కల్పితమే అయినా, దొరికిన పాత ప్రతుల నుంచి అనువదించినట్టుగా నటించే లోకం. దానికి పాఠాంతరాలు, జారిపోయిన పుటలు, పండితుడి వ్యాఖ్యానం పరాయివి కావు. కొడుకు తెలిసో తెలియకో తండ్రి ఆటలోనే ఒక పాత్ర అయిపోయాడు.

ప్రాచెట్ లోకంలో ఇలాంటి ఆటకు చోటు లేదు. నాలుగు ఏనుగులు, వాటి కింద ఒక తాబేలు, పైన పళ్లెంలాంటి భూమి. 1983లో ‘కలర్ ఆఫ్ మ్యాజిక్’తో మొదలై 2015 దాకా నలభై ఒక్క నవలలు. ఆ లోకానికీ పటాలు, చరిత్ర ఉన్నాయి గాని వాటి కోసం ఎవరూ దాన్ని ప్రేమించరు. ఆంక్-మోర్పోర్క్ నగరంలో ఒక పోలీసు తన బూటు అడుగు అరిగిపోవడం గురించి ఆలోచిస్తుంటే, ఆ ఆలోచనలోంచి పేదరికపు లెక్క మొత్తం బయటపడుతుంది. అది ఆ వాక్యాలు అదే వరుసలో పడితేనే పేలుతుంది. పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోటు పైనున్న పేరా కంటె ఎక్కువ నవ్విస్తుంది. ప్రాచెట్ కథను మొదటి నుంచి చివరికి వరుసగా రాసేవాడు కాదు. దృశ్యాలు ముక్కలుగా రాసుకుని, తర్వాత కలిపి, మళ్లీ మళ్లీ చెక్కేవాడు. చెక్కని హాస్యం సగం హాస్యం కూడా కాదు. చిత్తుప్రతిలో విషాదం నిలబడుతుంది, జోకు నిలబడదు.

దీనికి సాక్ష్యం ఆయన ఆఖరి పుస్తకమే ఇస్తుంది. 2007 డిసెంబరులో తనకు అల్జైమర్స్ వచ్చిందని ప్రాచెట్ ప్రకటించాడు. టైపు చేయడం కష్టమయ్యాక చెప్పి రాయించే పద్ధతికి మారాడు. 2015 మార్చి 12న పోయాడు. ‘షెపర్డ్స్ క్రౌన్’ ఆగస్టులో వచ్చింది. అందులో మంత్రగత్తె గ్రానీ వెదర్‌వాక్స్ మొదట్లోనే చనిపోతుంది. రాత్రి ఇల్లంతా కడిగి, తాను స్నానం చేసి, మంచమెక్కి పడుకుంటుంది. దేహాన్ని వదిలి మనసు తిరగడానికి వెళ్లినప్పుడు, చచ్చిపోయాననుకోవద్దని చీటీ పెట్టుకునే అలవాటు ఆమెది. ఈసారి చీటీ మీద మాట మారుతుంది. ఆ కొద్ది పేజీలు ఆయన రాసినవాటిలో అగ్రశ్రేణివి. మిగతా పుస్తకం అంత బిగువుగా లేదు. ఎల్ఫులతో పోరు తొందరగా ముగుస్తుంది, కొన్ని పాత్రలు కనిపించి మాయమవుతాయి. ఆద్యంతాలు ఉన్నా, ఇంకొంత సమయం ఉంటే ఆయన ఇంకా పని చేసేవాడని చివరిమాటలో విల్కిన్స్ దాచకుండా రాశాడు. ప్రాచెట్‌తో కలిసి ఒక నవల రాసిన నీల్ గెయ్‌మన్ చెప్పిన సంగతి మరీ ముఖ్యం. గ్రానీ తన మనసును పిల్లిలో దాచుకుందని, పుస్తకం చివర అక్కడినుంచి తన ఇష్టప్రకారమే వెళ్లిపోతుందని ప్రాచెట్ అనుకున్నాడట. రాయడానికి వ్యవధి లేకపోయింది. ఇది తెలిశాక మళ్లీ చదివితే ఆ పిల్లి కనిపించిన ప్రతిచోటా మనసు చివుక్కుమంటుంది. దాదాపు పూర్తయిన నవలే ఇలా ఉంటే, ఆ డిస్కులో ఉన్నవాటి సంగతి ఊహించుకోవచ్చు.

ఊహించుకోవడానికి కాస్త ఆధారమూ ఉంది. రాయదలచిన కొన్ని కథల గురించి విల్కిన్స్ అదే చివరిమాటలో చెప్పాడు. మారిస్ అనే తెలివిమీరిన పిల్లి ఓడ ఎక్కే కథ ఒకటి. జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్న ముసలివాళ్లు వృద్ధాశ్రమంలో ఉంటూనే పోయిన నిధి ఆచూకీ తీసి, చీకటి ప్రభువు పీచమణచే కథ మరొకటి. రెండోదాన్ని తలపెట్టింది తన జ్ఞాపకం తనకే జారిపోతున్న మనిషి.

వేరే ఎవరైనా రాయవచ్చు కదా అంటారు. రాబర్ట్ జోర్డాన్ 2007లో పోతే ‘వీల్ ఆఫ్ టైమ్’ను బ్రాండన్ సాండర్సన్ మూడు సంపుటాల్లో ముగించి 2013లో ఒడ్డున పడేశాడు. నిజమే. కానీ అక్కడ ఒక పెద్ద కథ ముగింపు బాకీ ఉంది. జోర్డాన్ తానే నోట్సు వదిలి, ఎవరైనా పూర్తిచేయాలని కోరాడు. 2011 నుంచి తర్వాతి సంపుటం కోసం ఎదురుచూస్తున్న జార్జ్ మార్టిన్ పాఠకుల గోల కూడా బాకీ గోలే. డిస్క్‌వరల్డ్ ఎవరికీ బాకీ లేదు. ప్రతి నవలా దానికదే ముగుస్తుంది. అక్కడ పాఠకుడికి కావలసింది కథ చివర కాదు, ఆ మనిషి సాంగత్యం. అది మరొకరు సరఫరా చేయలేరు. ప్రాచెట్ కూతురు రియానా స్వయంగా రచయిత్రి అయినా, ఇక డిస్క్‌వరల్డ్ నవలలు ఉండవని తేల్చేసింది. అలాగని తెర మీద తలుపులు మూయలేదు. 2021లో ‘ద వాచ్’ సీరియల్ వచ్చింది, అది ఆయన లోకంలా లేదని అభిమానులు గగ్గోలు పెట్టారు. గమనించవలసిందేమంటే కాపలా పెట్టింది పాత్రలకు కాదు, వాక్యానికి.

పాఠకులు మాత్రం ఊరుకోలేదు. ‘గోయింగ్ పోస్టల్’ నవలలో టవర్ల మీదుగా సందేశాలు పంపే వ్యవస్థ ఉంది. చనిపోయిన ఆపరేటర్ల పేర్లు ఎక్కడా ఆగకుండా ఆ టవర్ల మధ్య తిరుగుతూనే ఉండేలా ఒక సంకేతం పెడతారు. ప్రాచెట్ పోయాక అభిమానులు ఆయన పేరును అదే సంకేతంతో తమ వెబ్‌సైట్ల కోడ్‌లో, చూసేవారి కంటికి ఆనని చోట చేర్చారు. కొత్త కథ లేకుండానే ఆ లోకం నియమం ఒకటి మన లోకంలో అమలైంది.

ఇంతదాకా ప్రాచెట్ పక్షానే వకాల్తా పుచ్చుకున్నాను గాని, ఒకచోట పేచీ ఉంది. టోల్కీన్ కూడా ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు కొనసాగింపు మొదలుపెట్టాడు. పేరు ‘ద న్యూ షాడో’. చీకటి ప్రభువు సౌరాన్ కూలిన సుమారు వందేళ్ల తర్వాత, రాజు ఆరగోర్న్ కొడుకు ఏలుబడిలో కథ. శాంతి విసుగెత్తింది. ఆకతాయి కుర్రాళ్లు ఓర్కుల వేషం కట్టి చెట్లు నరికే ఆటలాడుతున్నారు. బోర్లాస్ అనే ముసలాయన తోటలో కూర్చుని, చిన్నప్పుడు పండ్లు దొంగిలించిన కుర్రాడితో చెడుగు గురించి వాదిస్తాడు. సాయంత్రానికి ఇంట్లో అడుగుపెడితే ఏదో తేడాగా అనిపిస్తుంది. అక్కడితో ఆగిపోయింది. ఇది కుట్రల థ్రిల్లరు అవుతుంది తప్ప మరేం కాదని, రాయడం దండగని టోల్కీన్ తేల్చుకున్నాడు. ఆ కొద్ది పేజీలను క్రిస్టఫర్ 1996లో ‘మిడిల్ ఎర్త్ చరిత్ర’ పన్నెండో సంపుటంలో అచ్చువేశాడు. ‘తర్వాతేమైంది’ అని అడిగే పాఠకుడికి అంతకంటె సూటి జవాబు లేదు. రచయిత ఎక్కడ మొదలుపెట్టాడో, ఎందుకు చాలించాడో కళ్లారా చూడవచ్చు. డిస్కుతో పోయిన ప్రాచెట్ నవలల్లో ఏది ఆరోగ్యం సాగనివ్వక ఆగిందో, ఏది ఆయనే వద్దనుకుని ఆపాడో తెలుసుకునే వీలు లేకుండా పోయింది. ఆ ఒక్కదానికి నాకు ఆయన మీద కినుక ఉంది, రోలరు నడిపినవాళ్ల మీద కాదు.